పైపులు మేం వేస్తాం, మీరొచ్చి చూడండి: కడప వైర్‌మ్యాన్ అన్నలకు బహిరంగ లేఖ

కడప జిల్లాలో లైసెన్సు ఉన్న వైరింగ్ కాంట్రాక్టర్లకు, సూపర్‌వైజర్లకు, పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ అన్నలకు నమస్కారం.

నేను కడప ఊరి అంచున ఇల్లు కట్టుకున్న ఇల్లాలిని. మా ఆయన కువైట్‌లో పనిచేస్తారు. ఈ జిల్లాలో ఈ ఒక్క మాట చెబితే చాలు, మిగతాది మీకే అర్థమవుతుంది. డబ్బు అక్కడి నుంచి వస్తుంది, ఇక్కడ ఆడవాళ్లు నిలబడి ఇల్లు కట్టిస్తారు. సిమెంటు లెక్క, ఇసుక ట్రాక్టరు బేరం, మేస్త్రీతో వాదన, అన్నీ మావే. మా ఇంటి వైరింగ్‌లో కూడా చేతిపని చాలావరకు నేనూ మా తమ్ముడూ చేశాం. మీలాగే పర్మిట్ ఉన్న ఒక పెద్దాయన, మాకు మామ వరస, ముందుగా కాగితం మీద గీత గీసిచ్చారు. మధ్యమధ్యలో వచ్చి చూశారు. చివర మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే పరికరం) పెట్టి పరీక్షించి, డీబీలో (ఇంటి సర్క్యూట్లన్నీ వచ్చి కలిసే స్విచ్చుల పెట్టె) కనెక్షన్లు తన చేత్తోనే ఇచ్చారు. చుట్టరికం ఉంది కాబట్టి నాకు ఈ అవకాశం దొరికింది. చుట్టరికం లేనివాళ్లకు కూడా దొరకాలని మిమ్మల్ని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ మాట ఎత్తగానే చట్టం ఒప్పుకోదంటారు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పేస్తాను. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వది ఏం చెప్పిందో, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలూ, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ దాదాపు అదే చెబుతున్నాయి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి పాడైతే అదే సామర్థ్యం ఉన్నవి మార్చుకోవడం వరకు ఇంటివాళ్లు చేసుకోవచ్చు. అంతకు మించిన పని, కొత్త వైరింగైనా పాతదానికి చేర్పైనా, లైసెన్సున్న కాంట్రాక్టర్ ద్వారా, అర్హత పత్రం ఉన్నవాళ్ల ప్రత్యక్ష పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న మనిషి చేయాలి. ఈ నిబంధనను తీసేయమని నేను అడగడం లేదు. ఇందులో పర్యవేక్షణ అనే భాగాన్ని ఇప్పటికంటే గట్టిగా పాటించమని అడుగుతున్నాను.

ఇప్పుడు సైట్లలో ఏం జరుగుతోందో మీకు నాకంటే బాగా తెలుసు. ఒక కాంట్రాక్టర్ ఒకే నెలలో ఊరికి నాలుగు దిక్కులా పనులు ఒప్పుకుంటారు. గోడలకు గాడి కొట్టేది, పైపులు వేసేది, వైర్లు లాగేది, చివరికి బోర్డులు బిగించేది కూడా పర్మిట్ లేని కుర్రాళ్లే. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. పని అలా చేస్తేనే వస్తుంది, రేపు వాళ్లే పర్మిట్ తీసుకుంటారు. కానీ వాళ్లు చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూసే మనిషి లేడు. సాయంత్రానికి ఎన్ని పాయింట్లు (లైటు, ఫ్యాను, ప్లగ్గు పెట్టే చోట్లు) అయ్యాయన్నదే లెక్క. పర్మిట్ లేకపోవడంలో ఆ కుర్రాడూ నేనూ ఒకటే అయినప్పుడు, ఆ ఇంట్లో పిల్లలతో కాపురం ఉండబోయే మనిషి మీ కళ్లముందు పైపు వేస్తానంటే కాదనడానికి కారణం నాకు కనిపించడం లేదు.

ఇంకో సంగతి బాధతోనే రాస్తున్నాను. కరెంటు సర్వీసు కోసం దరఖాస్తుకు వైరింగ్ పూర్తయినట్టు కాగితం కావాలని ఒకరిని అడిగితే, ఇల్లు ఎక్కడుందో కూడా అడగకుండా సంతకానికి ఇంతవుతుందని చెప్పారు. ఇంట్లో ఎర్త్ (తేడా వస్తే కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు) ఉందా, ఎంత లోడు, ఏ వైరు వాడారు, ఒక్క ప్రశ్న లేదు. ఆయన ఎవరన్నది నాకు ముఖ్యం కాదు, ఈ అలవాటు పాతుకుపోయింది. పెద్ద ఆసుపత్రికో కల్యాణ మండపానికో వేరే తనిఖీలు ఉంటాయి. మా లాంటి చిన్న ఇళ్లకు కరెంటు వచ్చేముందు తెలిసిన మనిషి చూసే చివరి చూపు మీ సంతకమే. ఆ చూపు లేకుండా సంతకం మాత్రమే వస్తే ఆ ఇంటిని ఎవరూ చూడనట్టే.

ఇంటివాళ్లు ఏ పని చేయగలరో, ఏది చేయకూడదో నా అనుభవం నుంచి చెబుతాను.

స్లాబ్‌లో పైపులు వేయడం మొదటిది. కమ్మీలు కట్టడం అయ్యాక, కాంక్రీటు పడేలోపు దొరికే కొద్ది సమయంలో ఫ్యాన్ బాక్సులు, జంక్షన్ బాక్సులు, వాటిని కలిపే పైపులు అన్నీ పడాలి. ఇక్కడ ఒక్క మిల్లీ ఆంపియర్ కరెంటు కూడా లేదు. కావలసింది ఓపిక. పైపును కమ్మీలకు బైండింగ్ వైరుతో గట్టిగా కట్టాలి, లేకపోతే వైబ్రేటర్ పెట్టినప్పుడు పక్కకు జరుగుతుంది. బాక్సు మూతి, పైపు కొసలు గుడ్డతోనో కాగితంతోనో బిగించాలి, లేకపోతే సిమెంటు పాలు దిగి లోపల గట్టిపడుతుంది. మలుపు దగ్గర చటుక్కున తిరిగే ఎల్బో వద్దు, వంపు తిరిగిన బెండు పెట్టాలి. స్లాబ్ పడ్డాక పైపు మూసుకుపోయిందని తెలిస్తే చేయగలిగింది లేదు, పైన కొత్త పైపు అతికించుకుని వికారంగా బతకడమే. కూలికి వచ్చిన కుర్రాడు రోజుకు రెండు స్లాబులు చూసుకోవాలి కాబట్టి తొందరపడతాడు. నేను తొందరపడలేదు. ప్రతి బాక్సుకు గోడ నుంచి ఎంత దూరమో టేపు పెట్టి ఫోన్లో ఫొటో తీసుకున్నాను. గోడల ప్లాస్టరింగ్‌కు ముందు కూడా అలాగే చేశాను. ఇప్పుడు మేకు కొట్టాలన్నా, కిచెన్‌లో ర్యాక్ బిగించాలన్నా ఆ ఫొటోలు చూసే కొడతాం.

వైరు లాగడంలో మామ పెట్టిన షరతులు కొన్నే, కానీ కచ్చితమైనవి. పైపు లోపల అతుకు ఉండకూడదు, అతుకంటూ ఉంటే బాక్సులోనే. ఫేజ్‌కు (కరెంటు తెచ్చే వైరు) ఎరుపు, పసుపు లేదా నీలం. న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నలుపు. ఎర్త్‌కు ఆకుపచ్చ. ఆకుపచ్చ అయిపోయిందని నలుపుతో సర్దుకోవడం కుదరదు, షాపుకు వెళ్లి తెచ్చుకోవాలి. లైట్లకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5, గీజర్‌కు, ఏసీకి 4. ఒక లైట్ సర్క్యూట్‌లో పది పాయింట్లు దాటకూడదు. ఏ సర్క్యూట్ న్యూట్రల్ ఆ సర్క్యూట్‌దే, పక్కదానితో కలపకూడదు. స్విచ్చు ఎప్పుడూ ఫేజ్ మీదే. న్యూట్రల్ మీద స్విచ్చు పడితే లైటు ఆరుతుంది గానీ హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది. స్విచ్చు ఆపాను కదా అని బల్బు మార్చడానికి వేలు పెట్టిన మనిషికి షాక్ కొడుతుంది.

ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్చు) గురించి మామ చెప్పింది నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది. చాలామందికి అది ఫ్రిజ్‌నో టీవీనో కాపాడే పరికరమని నమ్మకం. అది మొదట కాపాడేది గోడలోని వైరును. 2.5 వైరుకు 16 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, వైరు వేడెక్కి ఇన్సులేషన్ కరిగేలోపు అది పడిపోతుంది. గ్రైండర్, ఐరన్ బాక్సు, ఇండక్షన్ స్టవ్ ఒకే బోర్డు మీద వేసి మాటిమాటికీ పడిపోతోందని 32ది పెట్టించుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఇప్పుడు ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది. పెట్టిన మనిషికి తెలియక పెట్టలేదు. ఇంటివాళ్లు పోరుపెడితే వాళ్ల నోరు మూయించడానికి పెట్టాడు. ఇంటివాళ్లకు ఈ నాలుగు ముక్కలు ముందే తెలిసి ఉంటే అలా అడిగేవాళ్లే కాదు. మాతో కలిసి పనిచేస్తే మీకు ఒరిగే లాభాల్లో ఇదొకటి.

ఎర్త్ దగ్గర కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన సీమ నేలకు ఇది పెద్ద సమస్య. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వానే 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. మన దగ్గర కాస్త నయం, అంతే. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఎర్త్ నిరోధం పెరుగుతుంది, అంటే కరెంటు నేలలోకి సులువుగా దిగదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో ఇంకో తిప్పలు. ఎండకు నేల నెర్రెలిచ్చి పైపు చుట్టూ మట్టి దూరం జరుగుతుంది. బొగ్గు, ఉప్పు వేసి పైపు దించి, పైన మూత పెట్టి, ఆ తర్వాత చుక్క నీళ్లు పోయని గుంతలే ఎక్కువ. వాన లేని నెలల్లో ఆ పైపు ఉన్నా లేనట్టే.

ఇక్కడ మామ ఒక లెక్క వేసి చూపించారు. ఎర్త్ నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. కూలర్ లోపల ఫేజ్ వైరు ఊడి ఇనుప బాడీకి తగిలింది. 230 వోల్టులను 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. ఆ కరెంటు ఎర్త్‌లోకి పోతూనే ఉంటుంది, కానీ 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే. పడదు. కూలర్ బాడీ మొత్తం కరెంటుతో నిలబడి ఉంటుంది. మే నెలలో తడి చేతులతో కూలర్‌లో నీళ్లు పోయడానికి వెళ్లే మనిషి సంగతి ఆలోచించండి. "ఎర్త్ ఉందని ధైర్యంగా ఉండొద్దు పాపా, ఎర్త్ ఎంతుందో చూడాల" అన్నారు మామ. ఎర్త్ టెస్టర్ పెట్టి కొలిచి చెప్పిన వైర్‌మ్యాన్‌ను అంతకుముందు నేను చూడలేదు. మా అత్తగారి ఊళ్లో న్యూట్రల్ రానప్పుడు ఎర్త్ పైపు నుంచే లైటు వెలిగించుకోవడం చూశాను. అదెంత ప్రమాదమో మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అందుకే డీబీలో ఆర్‌సీసీబీ అనే స్విచ్చు కావాలి. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో చిన్న భాగంలోనే మొత్తం ఆపేస్తుంది. ఎర్త్ బలహీనంగా ఉన్న ఇంట్లో కూడా మనిషి ప్రాణం నిలిపేది అదే. మరీ చిన్న లోడుకు తప్ప ఇలాంటి రక్షణ ఉండాలని భద్రతా నిబంధనల్లోనే ఉంది. అయినా మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఉంది? ఉన్న ఇళ్లలో కూడా రోజూ పడిపోతోందని తీసేయించుకున్నవాళ్లున్నారు. అది ఊరికే పడదు. రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు ఎక్కడో కలిసి ఉంటాయి, లేదా గీజర్ కాయిల్ తడి పట్టి ఉంటుంది. న్యూట్రల్ కలపొద్దని మామ అంత పట్టుపట్టింది ఇందుకే. కారణం వెతకడానికి ఒక పూట పడుతుంది, తీసేయడానికి ఐదు నిమిషాలు. పాయింటు రేటు మీద నడిచే పనిలో ఒక పూట ఎవరిస్తారు? ఇంటివాళ్లు ఇస్తారు. ఒక్కో వైరు విప్పి, ఒక్కో సర్క్యూట్ వేరు చేసి వెతికే ఓపిక మాకుంది. ఎలా వెతకాలో మీరు చెప్పాలి.

మన జిల్లాకే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. కువైట్ నుంచి వచ్చే ప్రతి పెట్టెలో ఏదో ఒక మిషను ఉంటుంది. మిక్సీ, ఓవెన్, ఇస్త్రీ పెట్టె. వాటి ప్లగ్గుకు మూడు చదరపు పిన్నులు, లోపల ఒక ఫ్యూజు. మన సాకెట్‌లో పట్టదు. ప్లగ్గు కోసేసి, రెండు వైర్లు మన టూపిన్ ప్లగ్గుకు చుట్టి, మూడోది కత్తిరించి పడేస్తారు. ఒక్క కోతతో ఫ్యూజూ పోయింది, ఎర్తూ పోయింది. కొత్త ఇళ్లలో ఆ పిన్నులు పట్టే సాకెట్ ఒకటి వంటింట్లో పెట్టమని మీరే సలహా ఇవ్వొచ్చు, లేదా వైర్లు మూడూ మన త్రీపిన్ ప్లగ్గుకు ఎలా బిగించాలో చూపించొచ్చు. నేను మా వీధిలో నలుగురైదుగురికి చూపించాను. ఇదేమీ పెద్ద విద్య కాదు, కానీ చెప్పే మనిషి కావాలి.

పాత ఇళ్ల మాట కూడా. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల ఇళ్లలో గోడా రాయే, పైకప్పూ రాయే. గాడి కొట్టడం అయ్యే పని కాదు. చెక్క పట్టీల మీద ఎప్పుడో వేసిన వైర్లు ఎండకు పెళుసెక్కి, వంచితే చిట్లుతున్నాయి. అక్కడ పీవీసీ కేసింగ్ పట్టీలు కొట్టి కొత్త వైర్లు వేయడం ఇంటివాళ్లు చక్కగా చేయగల పని, మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది, అదీ ఆపాలి. ఇది తెలియకే పని వచ్చినవాళ్లు కూడా దెబ్బతింటున్నారు.

చేయకూడనివి కూడా అంతే సూటిగా చెబుతాను. స్తంభం నుంచి మీటరు వరకు ఉన్నది కరెంటు సంస్థది, దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయడానికి ఊళ్లో ధైర్యవంతుడు ఒకడు ఎక్కడం వీరత్వం కాదు, లైన్‌మ్యాన్ వచ్చేదాకా చీకట్లో కూర్చోవడమే మంచిది. మీటరు నుంచి డీబీకి వచ్చే వైరు, డీబీ లోపలి కనెక్షన్లు, ఎర్త్ గుంత నుంచి వచ్చే కనెక్షను పర్మిట్ ఉన్న మనిషి చేత్తోనే జరగాలి. మా ఇంట్లో అలాగే జరిగింది. మామ లేనప్పుడు డీబీ మూత తీయలేదు. ఇంకో మాట, ఇది అందరికీ సరిపడే పని కాదు. నిచ్చెన ఎక్కితే కళ్లు తిరిగేవాళ్లు, రంగులు సరిగ్గా గుర్తుపట్టలేనివాళ్లు, చెప్పింది వినే ఓపిక లేనివాళ్లు దీనికి దూరంగా ఉండాలి. మీరు ఒక్క పూట మాట్లాడితే ఎవరు పనికొస్తారో మీకే తెలిసిపోతుంది. పనికిరారు అనిపిస్తే మొహమాటం లేకుండా కాదనండి.

కరెంటు ఇచ్చే ముందు చేసే పరీక్ష గురించి అడగాల్సిన అవసరం రాకూడదు, కానీ వచ్చింది. బల్బులు, మిషన్లు అన్నీ తీసేసి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య, ఈ రెండింటికీ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగాఓమ్ కంటే తగ్గకూడదు. ఆ తర్వాత ప్రతి ప్లగ్గులో ఫేజ్ కుడివైపే ఉందా, ఎర్త్ పిన్నులో నిజంగా ఎర్త్ ఉందా, ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా అని చూడాలి. మన దగ్గర దీనికి అడ్డుపడేది గృహప్రవేశం ముహూర్తం. గోడలు ఇంకా తడిగానే ఉంటాయి, రీడింగ్ తక్కువ చూపిస్తుంది, పురోహితుడు తేదీ పెట్టేశాడు, చుట్టాలకు కార్డులు పంచేశారు, ఇంటాయన సెలవు పెట్టుకుని కువైట్ నుంచి దిగిపోయాడు. ఆ టెన్షన్‌లో మిమ్మల్ని ఎలాగైనా కరెంటు ఇవ్వమని పోరుపెట్టేది మేమే. పనిలో చెయ్యి పెట్టిన ఇంటివాళ్లకు ఆ రీడింగ్ అర్థం తెలుసు. నాకు తెలిసింది కాబట్టే, గోడలు ఆరేదాకా ఆగుదామని మామ అన్నప్పుడు మా అత్తగారిని ఒప్పించగలిగాను. పాలు పొంగించడానికి కరెంటు అక్కర్లేదు కదా.

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టింది కాదు. న్యూజిలాండ్‌లో తాము ఉంటున్న ఇంటి వైరింగ్‌లో కొన్ని పనులు ఇంటివాళ్లు చేసుకోవచ్చు. దానికి ఈసీపీ 51 అనే నియమావళి ఉంది, కానీ లైసెన్సున్న ఇన్‌స్పెక్టర్ చూసి పరీక్షించాకే కరెంటు ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 2005 నుంచి ఇంటి వైరింగ్ భవన నిబంధనల కిందికి వచ్చింది. సొంతంగా కొత్త సర్క్యూట్ వేసుకునేవాళ్లు ముందే తెలియజేసి తనిఖీ చేయించుకోవాలి. ఆస్ట్రేలియా మాత్రం ఇంటివాళ్లను అసలు ముట్టుకోనివ్వదు. ఇంటివాళ్లకు చోటిచ్చిన ఆ రెండు దేశాల్లోనూ తనిఖీని వదల్లేదు. మన చట్టంలోనూ పర్యవేక్షణ అన్న మాట మొదటి నుంచీ ఉంది, దాన్ని పని జరిగే చోటికి తీసుకురావాలి.

మీ అభ్యంతరాలు నేను విన్నాను. ఇలా చేస్తే మా పొట్ట కొట్టినట్టే కదా అని ఒక అన్న అడిగారు. న్యాయమైన ప్రశ్న. మీ తెలివికి విడిగా ధర కట్టకపోవడం వల్లే ఈ భయం. పాయింటుకు ఇంత అన్నప్పుడు గాడి కొట్టిన కూలీ, వైరు లాగిన శ్రమ, మీ ఇరవై ఏళ్ల అనుభవం అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి, అందులో మీ అనుభవం విలువే ఎవరికీ కనిపించదు. పర్యవేక్షణకు విడిగా ఫీజు పెట్టండి. స్లాబ్‌కు ముందు ఒకసారి, ప్లాస్టరింగ్‌కు ముందు ఒకసారి, కరెంటు ఇచ్చే ముందు ఒకసారి వచ్చి చూడటానికి ఇంత, గీత గీసివ్వడానికి ఇంత, పరీక్షకు ఇంత అని చెప్పండి. మేం బేరం లేకుండా ఇస్తాం. మా ఇంట్లో కూలి మిగిలిన డబ్బు మంచి రాగి వైరుకు, ఆర్‌సీసీబీకి, ఇంకో ఎర్త్ గుంతకు పోయింది. మామ వద్దన్నా ఆయన ఫీజు ఆయనకు ఇచ్చాను.

రేపు ఏదైనా అయితే మా మెడకు చుట్టుకుంటుందన్నారు ఇంకొకరు. చూడని ఇంటికి సంతకం పెట్టినప్పుడు చుట్టుకోదా? మీరు ఏ దశలో వచ్చారు, ఏం చూశారు, ఏం మార్చమన్నారు, మెగ్గర్ ఎంత చూపించింది అని ఒక కాగితం రాసి, మీరూ ఇంటివాళ్లూ సంతకం పెట్టి, ఒక కాపీ డీబీ మూత లోపల అతికించండి. ఏ ఎంసీబీ ఏ గదిదో కూడా దాని మీదే రాయండి. పదేళ్ల తర్వాత వచ్చే వైర్‌మ్యాన్‌కు అది దారి చూపిస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చాల్సి వస్తే మీకు అదే సాక్ష్యం.

ఆడవాళ్లు నిచ్చెన ఎక్కి ఈ పని చేస్తే బాగుండదన్న మాట కూడా వినిపించింది. స్లాబ్ పడే రోజు తట్టలు మోసేది ఆడవాళ్లే, అప్పుడు ఎవరికీ అభ్యంతరం ఉండదు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది మేం, తడి చేతులతో గ్రైండర్ స్విచ్చు వేసేది మేం, షాక్ కొడితే మొదట తగిలేది మాకే. ఏ మాట చెప్పినా మాకే చెప్పడం మంచిది.

ఇక అధికారులకు ఒక విన్నపం. విద్యుత్ భద్రతా శాఖవారూ, మన జిల్లాలకు కరెంటు ఇచ్చే ఏపీఎస్పీడీసీఎల్‌వారూ ఈ లేఖ చూస్తే, ప్రభుత్వ కాలనీల్లో సొంతంగా ఇల్లు కట్టుకుంటున్న కుటుంబాలను ఒకసారి తలుచుకోండి. పునాది నుంచి పైకప్పు దాకా తామే నిలబడి కట్టుకుంటున్నారు, చివర వైరింగ్ దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోతుంది. ఎవరో ఒకరు చవకగా రెండు వైర్లు లాగి లైటు వెలిగిస్తున్నారు. పర్మిట్ ఉన్న మనిషి పేరు, ఆయన చూసిన దశలు నమోదయ్యేలా, ఇంటివాళ్ల చేతిపనికి అందులో చోటు ఉండేలా ఒక పద్ధతి పెట్టండి. పరీక్ష రీడింగులు లేని కాగితాన్ని తీసుకోవద్దు. ఐటీఐలలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ వర్క్‌షాపులు ఆదివారాలు ఖాళీగానే ఉంటాయి. ఇల్లు కట్టుకునేవాళ్లకు అక్కడ ఒక పూట తరగతి పెట్టినా చాలు, డీబీ ఎలా ఉంటుంది, ఎర్త్ ఎందుకు, దేన్ని ముట్టుకోకూడదు అన్నవి కళ్లారా చూసి వస్తారు.

అన్నా, మా వీధిలో మరో రెండు ఇళ్లకు సెంట్రింగ్ పని నడుస్తోంది. రెండూ కువైట్ ఇళ్లే. ఆ ఇంటి ఆడవాళ్లు ఇద్దరూ మా ఇంటికి వచ్చి ఫొటోలు చూశారు, డీబీ మూత మీది కాగితం చదివారు, మేం కూడా ఇలాగే చేసుకుంటామన్నారు. మామకు ఇప్పుడు వయసు మీదపడింది, అంత దూరం రాలేనన్నారు. మీలో ఎవరైనా ఒప్పుకుంటే కమ్మీలు కట్టడం మొదలయ్యేలోపు ఒకసారి వచ్చి ప్లాను చూసి, పర్యవేక్షణకు ఎంత తీసుకుంటారో చెప్పండి.

ఇట్లు,
కడప నుంచి ఒక ఇల్లాలు